చిల్లు పడని గుడ్లు

మంగళవారం ఉదయం ఏడుంపావుకు వాణి నూరో పువ్వు విప్పి చూసింది. నూరింటిలో ఏడు గుడ్డిపూలు.

రేకులు విచ్చుకోకుండా మెలిపడి మూసుకుపోయిన పత్తిపువ్వును గుడ్డిపువ్వంటారు. విప్పితే లోపల గులాబీ పురుగు ఉంటుంది. ఏడింటిలోనూ ఉంది. పురుగు ఇంకా తెల్లగానే ఉంది, గులాబీ రంగు తిరగలేదు. ఏడు పూలనూ ఆమె ప్లాస్టిక్ సంచిలో వేసి మూతి బిగించింది. పది రోజుల కింద ఇదే చేలో, ఇవే సాళ్లలో, నూటికి ఒకటి కనిపించింది.

ఇంతవరకు జరిగింది ఇది. ఆళ్లగడ్డ నుంచి చాగలమర్రి పోయే దారిలో, రోడ్డు పక్క ఊళ్లో, ఆరుగురు రైతులు ఈసారి పత్తికి పురుగుమందు కొట్టకూడదని ఆగస్టులో ఒప్పుకున్నారు. ఆరుగురి చేలూ ఒకదానికొకటి ఆనుకున్నవే, మొత్తం ఇరవై రెండెకరాలు. మందుకు బదులు నంద్యాల ల్యాబు నుంచి వచ్చే కార్డులు. అట్టముక్క మీద బియ్యం పురుగు గుడ్లు అంటించి ఉంటాయి, ఒక్కో కార్డుకు ఇరవై వేలు. ప్రతి గుడ్డు లోపలా ఒక కందిరీగ పెరుగుతూ ఉంటుంది. పేరుకు కందిరీగే గానీ అది కుట్టదు, కంటికి ఆనదు. గుడ్డుకు చిల్లు పొడుచుకుని బయటికి వచ్చి, పత్తి మీద గులాబీ పురుగు పెట్టిన గుడ్లను వెతుక్కుని, వాటిలో తన గుడ్డు పెడుతుంది. పురుగు పుట్టాల్సిన చోట మళ్లీ కందిరీగే పుడుతుంది. ఊళ్లో వాటిని కార్డు ఈగలంటారు.

ఆరుగురిలో వాణి ఒకతి, మిగతా అయిదుగురినీ ఒప్పించింది ఆమే. మొదటి విడత కార్డులు పనిచేశాయి. రెండో విడత పనిచేయలేదు. ఎందుకో ఎవరికీ తెలియదు. అందరికంటే ఎక్కువ, ఆరెకరాల పత్తి వేసిన వెంకటేశ్వర్లు కార్డులు దొంగవని శనివారం నంద్యాల ఆఫీసుకు ఫోను చేశాడు. ఈ సాయంత్రం అయిదింటికి స్ప్రే పంపుల హబీబ్ షెడ్డులో ఆరుగురూ కూర్చుంటున్నారు. తేలాల్సినవి రెండు. రేపు మందు కొట్టడమా మానడమా ఒకటి. కార్డులు పంపిన రాజరత్నం మీద అర్జీ పెట్టడమా మానడమా రెండు.

ఈ పది రోజుల్లో చేలో వాణితో మాట్లాడిన మనిషి లేడు. కలుపుకు పోయే ఆడవాళ్లు ఇంతకుముందు ఆమె గట్టు మీద ఆగి నీళ్లు తాగి పోయేవాళ్లు. ఇప్పుడు అవతలి గట్టున పోతున్నారు. హబీబ్ షెడ్డులోకి ఆమె అడుగు పెడితే మాటలు ఆగుతున్నాయి. ఆమె భర్త నారాయణ బేతంచెర్లలో బండలు పాలిష్ పట్టే ఫ్యాక్టరీలో పని చేస్తాడు, పదిహేను రోజులకొకసారి వస్తాడు. ఇంట్లో ఆమె, అత్త ఉమామహేశ్వరమ్మ. ఇద్దరికీ గొడవ లేదు. రోజుకు నాలుగు మాటలు అనుకుంటారు. తిన్యావా, తిన్యా. పాలోడొచ్చినాడా, వచ్చినాడు.

ఏడున్నరకు రాజరత్నం గట్టు మీద కనిపించాడు. మొదటి బస్సుకు వచ్చాడు. ఆయనకు యాభై తొమ్మిదేళ్లు. నంద్యాల ల్యాబులో పదిహేడేళ్లుగా కాంట్రాక్టు మీద ఉన్నాడు. జొన్నరవ్వ పోసిన ట్రేలలో బియ్యం పురుగులు పెంచడం, వాటి గుడ్లు దులిపి కార్డులకు అంటించడం ఆయన పని. ఆ రెక్కల పొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. గట్టు దిగేలోపల రెండుసార్లు ఆగి దగ్గాడు.

"ఎన్నమ్మా?" అన్నాడు.

"నూటికి ఏడు సార్."

"పది దాటితే మందు కొట్టండని నేనే చెప్తా. ఏడుకు చెప్పను."

"ఎంకటేశ్వర్లన్న చేలో పదకొండంటాండాడు."

"ఎవరు లెక్కపెట్టినారు?"

"ఆయనే."

"గట్టు పక్క సాలే లెక్కపెట్టింటాడు. లోపలికి పోతే పంచెకు కొమ్మలు తగులుకుంటాయని" అన్నాడు రాజరత్నం. వాణి నవ్వలేదు. ఆయన కూడా నవ్వలేదు. జేబులోంచి భూతద్దం తీశాడు.

మొదటి విడత కార్డుముక్క ఒకటి ఇంకా ఆకు అడుగున పిన్నుకు వేలాడుతోంది. ఇరవై రెండు రోజులకు వెలిసిపోయింది. దాన్ని పీకి అరచేతిలో పెట్టి, అద్దం ఆమెకిచ్చాడు. గసగసాల కంటే చిన్న గుడ్లు అద్దం కింద కందిగింజలంత కనిపించాయి. ప్రతి గుడ్డుకూ సూదితో పొడిచినట్టు ఒక చిల్లు ఉంది.

"ఇవి బయటికి వచ్చినవి" అన్నాడు.

తర్వాత రెండో విడత ముక్క తీశాడు. అది పది రోజులదే. గుడ్లన్నీ నల్లగా ఉన్నాయి. ఆమె ఈ చివర నుంచి ఆ చివర దాకా అద్దం జరిపింది. ఒక్క గుడ్డుకూ చిల్లు లేదు.

"నల్లగానే ఉండాయి గదా సార్. నల్లగుంటే మంచిదన్న్యారు."

"నల్లగుంటే లోపల ఈగ తయారైందని అర్థం. తయారైనాది. బయటికి రాలే. లోపలే సచ్చిపోయినాది."

ఇంకో పదకొండు ముక్కలు చూశారు. పన్నెండింటిలో చిల్లు పడిన గుడ్లు సున్నా.

"ల్యాబులోనే సచ్చినాయా సార్?"

"నేనూ అదే అనుకున్న్యా. అదే రోజు, అదే ట్రేలో కార్డులు పన్నెండు, బేతంచెర్ల తట్టు ఒక రైతు తీసుకుపోయినాడు. నిన్న ఆయన చేనికి పోయి చూసొచ్చినా. చిల్లులు పడినాయి. నూటికి తొంభై."

"బస్సులో వేడికేమైనా..."

"కండక్టరును అడిగినా. ఇంజను మీద పెట్టలేదు, సీటు కింద పెట్టినా అన్న్యాడు." దగ్గు వచ్చి ఆగాడు. "బస్సు దిగినాక, చేను చేరేలోపల ఏమైనాదో చెప్పు."

ఆమె వరసగా చెప్పింది. కార్డులు వచ్చింది శుక్రవారం మధ్యాహ్నం పన్నెండున్నరకు. అరవై ఆరు. ఆ సాయంత్రం కట్టాలనుకున్నారు. మూడింటికి వాన పట్టుకుంది, రాత్రంతా పడింది. శనివారం సాయంత్రం ఆరుగురూ తలా కొన్ని తీసుకుని కట్టారు. మధ్యలో కార్డులున్నది వాళ్లింట్లో. స్టీలు డబ్బాలో పెట్టి, తడిగుడ్డ చుట్టి, నీళ్లకుండ పక్కన పెట్టింది. ఆయన చెప్పినట్టే.

"మంచుపెట్టెలో పెట్టలేదు గదా?"

"లేదు సార్. మంచులో పెడితే సస్తాయని మీరే చెప్పినారు గదా. చల్లగా అంటే కుండ పక్కన చల్లదనమని."

"డబ్బా ఉండాదా?"

డబ్బా చేలోనే ఉంది. రెండో విడత ఖాళీ కవర్లు అందులోనే ఉన్నాయి, కవర్ల మీద తేదీలున్నాయని ఆమె ఆయన కోసం తెచ్చింది. పది రోజులుగా మూత తీయలేదు. రాజరత్నం గట్టు మీద కూర్చుని మూత తీశాడు. కవరు ఒకటి తీసి తేదీ చూశాడు. తర్వాత డబ్బాను ముక్కు దగ్గరికి తీసుకుపోయాడు. మూత పెట్టేశాడు.

"వాసన చూడమ్మా" అని డబ్బా ఆమె చేతికిచ్చాడు.

ఆమె మూత తీసింది. కర్పూరం.

కవర్లన్నీ బయటికి తీసింది. అడుగున చిన్న గుడ్డముడి ఉంది. నీలం అంచు చీర ముక్క. ఆ చీర ఆమెకు తెలుసు. ముడి విప్పింది. లోపల ఏమీ లేదు. ఉన్నది ఆవిరై పోయింది.

"ఆ రోజు వాసన రాలేదా?"

"శుక్ర శనివారాలు మా ఇంట్లో ఎప్పుడూ ఇదే వాసన సార్. మా అత్త..." అని ఆగింది.

రాజరత్నం తల ఊపాడు. "పెద్ద బిళ్లే పెట్టింటారు. మూత బిగించిన డబ్బా. ఒక రాత్రి, ఒక పగలు. దాని ఘాటుకు చీమే నిలవదు. ఇవెంత."

రోడ్డు మీద బండల లారీ ఒకటి కడప వైపు పోయింది.

"అర్జీ పెడతాండారంట గదా సాయంత్రం" అన్నాడు ఆయన.

"మీకెట్ల తెలుసు?"

"ఆఫీసులో చెప్పినారు. రాతమూలంగా వస్తే ఈ నెలాఖరుకు నా కాంట్రాక్టు అయిపోతుందని కూడా చెప్పినారు." భూతద్దం తుడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఒక మాట చెప్తా విను. ల్యాబులోనే పాడైనాయని నేను రాసిస్తా. నాకు యాభై తొమ్మిది. ఎట్లైనా ఇంకో ఏడాదికి పోవాల్సినోన్నే. గదికి పోతే మాట్లాడే మనిషి లేడు, పురుగులతోనే మాట్లాడుకుంటాండా. నువ్వు ఈ ఊళ్లో బతకాల్సినదానివి. కర్పూరం సంగతి బయటపడితే నీ ఇంటిమీద పడతారు."

"రాసిస్తే ల్యాబు కార్డులు ఇంకెవరైనా తీసుకుంటారా సార్?"

రాజరత్నం బయట పరిచిన కవర్లు ఏరి మళ్లీ డబ్బాలో పెట్టాడు.

"మూడో విడత తయారుగా ఉండాది" అన్నాడు లేస్తూ. "ముందు విడత ఎందుకు పోయినాదో తేలేదాకా పంపకూడదని ఆపినా. ఇప్పుడు తేలినాది. మూడున్నర బస్సుకు వేస్తా. హబీబ్ షెడ్డు కాడ కండక్టరు ఇస్తాడు. అవి రేపు పొద్దున ఎండెక్కేలోపల బయటికొస్తాయి. ఇంటికి తీసుకుపోవద్దు. నేరుగా చేనికి."

తొమ్మిదిన్నర బస్సుకు ఆయన నంద్యాల వెళ్లిపోయాడు.

పదింటికి వాణి ఇల్లు చేరింది. ఉమామహేశ్వరమ్మ వరండాలో కూర్చుని చేటలో బియ్యం ఏరుతోంది. ఆమెకు డెబ్బై రెండు. వాణి డబ్బా తెచ్చి ఆమె ముందు పెట్టింది.

"అత్తా, దీంట్లో కర్పూరం పెట్టినావా?"

"పెట్టినా."

"ఎప్పుడు?"

"శుక్రవారం. నువ్వు గట్టు తెంపను పోయినావే వానలో, అప్పుడు. కుండ కాడికి చీమలు బారు కట్టినాయి. చీమలు పడితే అంతా తినేస్తాయి, చూస్తాండు అని చెప్పి పోలా నువ్వు?"

"చెప్పినా."

"అందుకే దేవుని గూట్లో పెట్టి కర్పూరం ముడేసినా. మా పుట్టింట్లో ఏ ఇత్తనమైనా ఒక రాత్రి దేవుని కాడ ఉండాల్సిందే. ముడేస్తే చీమ రాదు, పుచ్చు పట్టదు. మా నాయన జొన్నలకు అట్లే చేస్తాండె. తెల్లారి మళ్లీ కుండ కాడే పెట్టినా."

"అవి ఇత్తనాలు కాదత్తా. ఈగలు."

"ఈగలని నాకెవురు చెప్పినారు? కార్డులన్న్యావు. లోపల ప్రాణముండాది, జాగ్రత్త అన్న్యావు. ఇత్తనంలో లేదా ప్రాణం?"

వాణి చెప్పింది అంతే. చీమలు, ప్రాణం, జాగ్రత్త. మూడు మాటలు చెప్పి వానలో గట్టు తెంపి చేలో నీళ్లు వదలడానికి పోయింది. మొదటి విడత కార్డులు దిగిన గంటలోనే చేనికి పోయాయి గనక ఇంటికి రాలేదు. అయిదుగురు రైతులకు ఆకు గీసి, గుడ్డు గీసి చూపించిన మనిషి, ఇంట్లో ఉన్న మనిషికి ఏమీ చూపించలేదు. అత్త అడిగిందీ లేదు, తను చెప్పిందీ లేదు.

"ఏమైనాదిప్పుడు?" అంది ఉమామహేశ్వరమ్మ.

"కర్పూరానికి సచ్చిపోయినాయి."

"అన్నీనా?"

"అన్నీ."

"ఎన్ని?"

వాణి లెక్క చెప్పింది. "పదమూడు లక్షల ఇరవై వేలు."

ముసలామె చేట కింద పెట్టింది. చేతులు చీరకు తుడుచుకుంది. మళ్లీ చేట అందుకుంది గానీ ఏరలేదు.

"ఊరికి తెలుసునా?"

"ఇంకా లేదు."

"చెప్తావా?"

వాణి లోపలికి పోయింది. పదకొండూ పదికి నారాయణకు ఫోను చేసింది. రెండోసారికి ఎత్తాడు. వెనక మిషను కోత చప్పుడు.

"ఏందీ?"

"కార్డుల సంగతి తెలిసిపోయినాది. సాయంత్రం అందరూ..."

"ఈడ మిషనాడ్తాంది, వినపడ్లా. రాత్రికి చేస్తా" అన్నాడు. ఫోను పెట్టేశాడు. పద్నాలుగు సెకన్లు.

మధ్యాహ్నం ఇద్దరూ అన్నం తిన్నారు. తిన్యావా అని ఎవరూ అడగలేదు.

అయిదింటికి హబీబ్ షెడ్డులో అందరూ చేరారు. హబీబ్ స్ప్రే పంపులు అద్దెకిస్తాడు, రిపేరు చేస్తాడు. షెడ్డు రోడ్డుకు నలభై అడుగులు లోపలికి ఉంది. బస్సు ఆగేది ఎదురుగానే. కూర్చోడానికి రెండు బెంచీలు, తిరగేసిన డ్రమ్ములు. వాణి గోడ పక్కన డ్రమ్ము మీద కూర్చుంది. ఆమె పక్కన డ్రమ్ము ఖాళీగా ఉంది. ఎవరూ దాని మీద కూర్చోలేదు.

వెంకటేశ్వర్లు అర్జీ రాసుకునే వచ్చాడు. చొక్కా జేబులోంచి తీసి బెంచీ మీద పరిచాడు.

"ముందు ఈగల లెక్క తేల్చండప్పా. కార్డులైతే వచ్చినాయి, ఈగలు యాడికి పోయినాయి?"

"బస్సెక్కి నంద్యాలకే పోయినాయేమోలే" అన్నాడు ఒకాయన.

"టికెట్టు లేకనేనా?" అన్నాడు సైదులు. నలుగురూ నవ్వారు. సైదులుకు మూడెకరాలు, వాణి చేనుకు ఉత్తరాన.

"నవ్వుతాండారు మీరు. నా చేలో నూటికి పదకొండు" అన్నాడు వెంకటేశ్వర్లు. "రెండో కార్డు కట్టినప్పుడే మందు కొట్టింటే ఈపాటికి సాఫు. మాటిచ్చినామని చేతులు కట్టుకోని కూర్చున్న్యా. ఇంక నావల్ల కాదు. హబీబ్, రేపు ఆరింటికి పంపు నాది."

"నీదేలే. పెట్రోలు నువ్వే పోసుకో" అన్నాడు హబీబ్.

"అందరూ కొడతారు. ఒకరు కొట్టి ఒకరు మానితే పురుగు ఈ గట్టు నుంచి ఆ గట్టుకు పోతుంది. ఇంక ఇది." కాగితం మీద వేలు పెట్టాడు. "చచ్చిన కార్డులు అంటగట్టినాడని రాసినా. ఆరు సంతకాలు పడల్ల. ఏం వాణమ్మా, నువ్వే ముందు పెట్టు. తెచ్చింది నువ్వే గదా."

పెన్ను ఆమె వైపు చాచాడు. ఆమె అందుకోలేదు.

"కార్డులు చచ్చినవి రాలేదన్నా" అంది. "బతికే వచ్చినాయి. మా ఇంట్లో సచ్చిపోయినాయి."



ఆమె వరసగా చెప్పింది. శుక్రవారం, వాన, డబ్బా, కర్పూరం. పన్నెండు ముక్కలు చూశామని, ఒక్క చిల్లు కూడా లేదని చెప్పింది. బేతంచెర్ల తట్టు కార్డులకు నూటికి తొంభై చిల్లులు పడ్డాయని చెప్పింది. డబ్బా మూత తీసి బెంచీ మీద పెట్టింది. వాసన బెంచీ చివరి దాకా పోయింది.

బయట బస్సు హారను వినిపించింది. మూడుసార్లు. ఎవరూ తల తిప్పలేదు. నాలుగోసారి కొట్టి బస్సు కదిలిపోయింది.

"కర్పూరం పెట్టింది ఎవరు?" అన్నాడు వెంకటేశ్వర్లు.

"నేనే."

"నువ్వా? మందు వాసన తగిలితే సస్తాయి, బీడీ పొగ తగలనీయొద్దు అని మాకు పాఠం చెప్పినదానివి, కర్పూరం పెట్టినావా?"

"చీమలు పడతాయని పెట్టినా."

"నీకు తెలీదా?"

"తెలీలేదు."

వెంకటేశ్వర్లు అందరి ముఖాలూ చూశాడు. "ఇరవై రెండెకరాలప్పా. చీమలకు బయపడి ఇరవై రెండెకరాలు పురుగు పాలు చేసినాది."

సైదులు నేల వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంకొకాయన బీడీ వెలిగించాడు. వాణి తల ఎత్తింది. షెడ్డు గుమ్మం బయట, ఖాళీ డబ్బాలు పేర్చిన చోట, ఉమామహేశ్వరమ్మ నిలబడి ఉంది. ఎప్పుడొచ్చిందో తెలియదు. ఆమె వాణినే చూస్తోంది. వాణి మళ్లీ చూసేసరికి అక్కడ లేదు.

"అర్జీ చింపెయ్యి ఎంకటేశ్వర్లన్నా" అన్నాడు సైదులు. "ఆ సారు చేసిందేం లేదు గదా."

వెంకటేశ్వర్లు వెంటనే చింపలేదు. మడిచి జేబులో పెట్టుకున్నాడు. తర్వాత మళ్లీ తీసి నాలుగు ముక్కలు చేసి డ్రమ్ములో వేశాడు.

"అర్జీ సంగతి అయిపోయినాది. మందు సంగతి కాలే" అన్నాడు.

"మూడో విడత ఈ బస్సుకే వస్తాంది" అంది వాణి. "నూటికి పది దాటలేదన్నా. నీ చేలో లోపలి సాళ్లు నాతో పాటు లెక్కపెట్టు. ఈ విడత పనిచేస్తే నిలబడతాది. కొట్టినావంటే పొద్దున పుట్టే ఈగలు పుట్టినట్టే సస్తాయి. నీ చేనిలో కొడితే గాలికి మా చేనిలోవీ సస్తాయి."

"మళ్లీ నిన్ను నమ్మల్లనా?"

"నన్ను కాదు. అద్దంలో చూసుకో. ల్యాబోళ్లిచ్చింది నా కాడ ఒకటుండాది."

వెంకటేశ్వర్లు బెంచీ మీది డబ్బాకు మూత పెట్టాడు. "సరే. ఆరుకు నా పంపు స్టార్టు అవుతాది. ఆరులోపల నల్ల కార్డు నా చేతిలో పెట్టు. దాంట్లో ఒక్క ఈగ కదిలేది నేను నా కంటితో చూడల్ల. చూస్తే ఆపుతా. లేదంటే నేను కొడతా, వాళ్లూ కొడతారు. ఏమప్పా?"

ముగ్గురు తలలూపారు. సైదులు ఊపలేదు, కాదనలేదు.

"ఈ బస్సుకే అన్న్యావే?" అన్నాడు హబీబ్ హఠాత్తుగా. లేచి రోడ్డు దాకా పోయాడు. రోడ్డు మీద ఏమీ లేదు. రోజూ నంద్యాల బస్సు ఆగితే హబీబ్ పోయి కవర్లు అందుకుంటాడు. ఈ రోజు పోలేదు. హారను విన్నవాళ్లు ఏడుగురు.

హబీబ్ కండక్టరుకు ఫోను చేశాడు. స్పీకరు పెట్టాడు.

"నాలుగు తూర్లు కొట్టినా గదన్నా హారను" అన్నాడు కండక్టరు. "ఎవురూ రాకపోతిరి. చాగలమర్రి దాకా తెచ్చినా. మళ్లీ నేను ఈ రూట్లో వచ్చేది రేపు మధ్యాన్నమే. బస్టాండు కాడ టీ అంగడాయనకు ఇచ్చినా, మీరే ఎవురైనా వచ్చి తీసుకోండి."

"యాడ పెట్టినాడు ఆయన?" అంది వాణి.

"కవరు మీద చల్లగా ఉంచాలని రాసుండాది గదమ్మా. ఐసుపెట్టెలో పెట్టుకోమని చెప్పినాలే. ఏం బయం లేదు."

వాణి టైము చూసింది. ఆరూ అయిదు.

టీ అంగడి నంబరు కండక్టరు ఇచ్చాడు. హబీబ్ చేశాడు. మోగింది. ఎవరూ ఎత్తలేదు. సైదులు తన బండి తీస్తానన్నాడు గానీ బండి ఆళ్లగడ్డలో, శిల్పాలు చెక్కే అంగడిలో పనిచేసే కొడుకు దగ్గరుంది. వెంకటేశ్వర్లు బండి షెడ్డు ముందే ఉంది. ఆయన తాళంచెవి జేబులోంచి తీయలేదు. చాగలమర్రి బస్సు ఆరు నలభైకి.

వాణి డబ్బా తీసుకుని రోడ్డు మీదికి పోయింది. స్టాపు దగ్గర పంపునీళ్లతో డబ్బాను మూడుసార్లు కడిగింది. వాసన చూసింది. ఇంకోసారి మట్టి వేసి తోమి కడిగింది. రోడ్డవతల మిర్చి నారు వేసుకున్న ట్రాక్టరు ఆగి, డ్రైవరు ఆమె వైపు చూసి, పోయాడు. షెడ్డులోంచి ఒక్కొక్కరే బయటికి వచ్చి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఎవరూ ఆగలేదు.

ఆరున్నరకు వెనక చెప్పుల చప్పుడైంది. ఉమామహేశ్వరమ్మ వచ్చి పక్కన నిలబడింది. చీర మార్చుకుని వచ్చింది.

"నేను పెట్టిందాన్ని నువ్వెందుకు మీదేసుకున్న్యావు?" అంది.

వాణి డబ్బా నీళ్లు విదిలించింది.

"నిన్నే అడగతాండేది."

"చీమలని చెప్పి పోయింది నేనే గదత్తా."

"ఉండు, పోయి ఎంకటేశ్వర్లుకు చెప్పొస్తా. బయపడతానా వానికి? వాని ముడ్డి కడిగిన చెయ్యి ఇది."

"వద్దు. బస్సొస్తాది."

"యాడికి?"

"చాగలమర్రికి. కార్డులు ఆడుండాయి. ఐసుపెట్టెలో పెట్టినారంట. ఐసులో ఉంటే సస్తాయి."

"దీనికీ సస్తాయా?" అంది ముసలామె. "ఇంక దేనికి బతుకుతాయి మే అవి?"

వాణి ఆమె వైపు చూసింది. పొద్దున చూసిన పన్నెండు ముక్కల్లో ఒకటి ఇంకా కొంగు ముడిలో ఉంది, అది తీసి ఆమె చేతికిచ్చింది. ఆకు అడుగున ఎట్లా పెట్టాలో, గుడ్డు ఎప్పుడు తెల్లగా ఉంటుందో, ఎప్పుడు నల్లబడుతుందో, చిల్లు ఎక్కడ పడుతుందో చెప్పింది. ముసలామె ముక్కను కళ్లకు దగ్గరగా పెట్టుకుని చూసింది.

"నాకేం కనపడ్లా" అంది. "సరే, చెప్పు. తర్వాత?"

చెప్తూ ఉండగా బస్సు లైట్లు కనిపించాయి.

"నేనూ వస్తా" అంది ఉమామహేశ్వరమ్మ. "డబ్బా నా ఒళ్లో పెట్టుకుంటా. కర్పూరం లేదులే, చూసుకో." రెండు చేతులూ తిప్పి చూపించింది.

బస్సులో సీట్లు ఖాళీగా ఉన్నాయి. కండక్టరు వేరే మనిషి, ఆడవాళ్లకు బస్సు ఉచితం గనక ఆధార్ కార్డులు అడిగాడు. వాణి ఫోనులో చూపించింది. ఉమామహేశ్వరమ్మ నడుము దగ్గర ముడి విప్పి, ప్లాస్టిక్ కవరులోంచి కార్డు తీసింది.

హబీబ్ ఫోను చేశాడు. టీ అంగడికి మూడోసారి చేశానని, ఎత్తలేదని చెప్పాడు.

కండక్టరు మిషను నొక్కాడు. రెండు జీరో టికెట్లు. చాగలమర్రి. టైము 6.42.